వాయిదా కాగితం మీద సంతకం పెట్టే ముందు: అణు భద్రతా నియంత్రణ సంస్థ అధ్యక్షులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధ్యక్షుల వారికి,

నమస్కారాలు. అణు విద్యుత్ కేంద్రాల్లో ఏ భద్రతా పరీక్ష ఎన్నాళ్లకోసారి జరగాలి, గడువు దాటితే ఎంతవరకు ఊరుకోవచ్చు, తనిఖీల కోసం కేంద్రాన్ని ఆపే షట్‌డౌన్‌ని ఎప్పటిదాకా వెనక్కి జరపవచ్చు అన్నవన్నీ మీ సంతకం మీద ఆధారపడి ఉంటాయి. ప్రమాదం జరిగినప్పుడు తప్ప ఈ తేదీల గురించి ఎవరూ అడగరు. ఒక కేంద్రంలో టెస్టింగ్ విభాగంలో చాలా ఏళ్లు పనిచేసినవాడిగా, ఏమీ జరగని ఈ రోజుల్లోనే అడుగుదామని ఈ లేఖ రాస్తున్నాను.

ముందు ఒక తెల్లవారుజాము గురించి చెప్పాలి. ఆ రోజు అత్యవసర డీజిల్ జనరేటర్‌కి నెలవారీ టెస్టు. గ్రిడ్ నుంచి కరెంటు పోతే రియాక్టర్‌ని చల్లబరిచే పంపులను నడిపేది ఆ డీజిలే. ఆ నెల విద్యుత్ డిమాండ్ ఎక్కువగా ఉందనీ, మనుషులు వేరే పనిలో ఉన్నారనీ టెస్టుని వారం వెనక్కి జరిపారు. రూల్సు ఒప్పుకునే గ్రేస్‌లోనే, అంటే గడువు మీద ఇచ్చే అదనపు వెసులుబాటులోనే జరిపారు కాబట్టి అందులో తప్పేమీ లేదు. స్టార్ట్ నొక్కగానే ఇంజను అందుకుంది. స్పీడు వచ్చింది, వోల్టేజీ నిలబడింది. ఆ కరెంటుని పంపులకు కలిపే పెద్ద స్విచ్, అంటే బ్రేకర్ మాత్రం ఆన్ కాలేదు. మళ్లీ ప్రయత్నించాం, కాలేదు. ప్యానెల్ వెనక తలుపు తీసి టార్చి వేసి ఒక్కో వైరూ పట్టుకుని వెళితే చివరికి ఒక రిలే దగ్గర, అంటే బ్రేకర్‌కి సంకేతం పంపే చిన్న స్విచ్ దగ్గర ఆగాం. దాని కాంటాక్టు మీద సన్నటి నల్లటి పొర పట్టి ఉంది, వేలితో తుడిస్తే మసిలా అంటుకుంది. మార్చడానికి అరగంట కూడా పట్టలేదు. షిఫ్ట్ ఇంజనీరు గారు రిజిస్టరు ముందు పెట్టుకుని అడిగారు: "ఇది ఎప్పటినుంచి ఇలా ఉంది?"

మా ఎవరి దగ్గరా జవాబు లేదు. నిన్ననే పాడై ఉండొచ్చు. కిందటి టెస్టు అయిన మర్నాడే పాడై, ఐదు వారాల పాటు మాకు డీజిల్ ఉన్నట్టే కనిపిస్తూ లేకుండా ఉండి ఉండొచ్చు.

పరీక్షల తేదీల వెనక ఉన్న లెక్కంతా ఇదేనండీ. రోజూ నడిచే యంత్రం చెడిపోతే వెంటనే తెలుస్తుంది. ఏళ్ల తరబడి పిలుపు కోసం నిలబడి ఉండే యంత్రం చెడిపోతే మళ్లీ టెస్టు చేసేదాకా తెలియదు. నెలకోసారి పరీక్షిస్తే ఒక లోపం సగటున పదిహేను రోజులు దాగి ఉంటుంది. మూడు నెలలకోసారి అయితే నెలన్నర. గడువుని ఒక్క వారం పెంచామంటే, లోపం ఎవరికీ తెలియకుండా ఉండే కాలాన్ని మనమే పెంచామన్నమాట.

అలాగని టెస్టులు ఎన్ని ఎక్కువ చేస్తే అంత మంచిదని నేను అనను. చల్లటి ఇంజనుని పదే పదే ఒక్కసారిగా ఫుల్ స్పీడుకి తీసుకెళ్లే పరీక్షల వల్ల డీజిళ్లే అరిగిపోతున్నాయని అమెరికా నియంత్రణ సంస్థ 1984లో గుర్తించి, అలాంటి స్టార్ట్‌లు తగ్గించమంది. టెస్టు కోసం మూసిన వాల్వుని మళ్లీ తెరవడం మరిచిపోయే ప్రమాదం కూడా ఉంది. 1979 మార్చి 28న అమెరికాలోని త్రీ మైల్ ఐలండ్ అణు కేంద్రంలో ప్రమాదం జరిగినప్పుడు, అత్యవసరంగా నీళ్లు పంపాల్సిన లైన్ల వాల్వులు మూసి ఉన్నాయని ఆపరేటర్లు ఎనిమిది నిమిషాల తర్వాత గానీ చూడలేదు. రెండు రోజుల ముందు టెస్టులో వాటిని మూశారు. తర్వాత తెరిచారో లేదో విచారణలో కూడా తేలలేదు. ఆ ప్రమాదానికి అసలు కారణం వేరే వాల్వు. అయినా ఆ ఎనిమిది నిమిషాలు టెస్టింగ్‌లో పనిచేసిన మనిషికి నిద్ర పట్టనివ్వవు. కాబట్టి సాంకేతిక కారణం చూపించి గడువు పెంచితే నాకు అభ్యంతరం లేదు. కారణం వేరే అయినప్పుడే నా బాధ.

జపాన్‌లో మిహామా కేంద్రం మూడో యూనిట్ 1976లో నడవడం మొదలైంది. టర్బైన్ వైపు ఉన్న ఒక పెద్ద వేడినీటి గొట్టం, తనిఖీ చేయాల్సిన చోట్ల జాబితాలోకే ఎక్కలేదు. 28 ఏళ్లు దాన్ని ఎవరూ కొలవలేదు. అది జాబితాలో లేదన్న సంగతి 2003లో బయటపడింది. అప్పుడు కూడా వెంటనే ఆపి చూడలేదు, తర్వాతి షట్‌డౌన్‌లో చూద్దామనుకున్నారు. ఆ షట్‌డౌన్ 2004 ఆగస్టు 14న మొదలు కావాలి. ఆగస్టు 9న గొట్టం పగిలింది. 10 మిల్లీమీటర్ల మందం ఉండాల్సిన ఉక్కు ఒకచోట ఒకటిన్నర మిల్లీమీటరు కూడా లేకుండా అరిగిపోయింది. ఆవిరికి ఐదుగురు చనిపోయారు, ఆరుగురు గాయపడ్డారు. అందులో రేడియేషన్ లేదు, ఉత్త ఆవిరే. చనిపోయినవాళ్లు ఆ బిల్డింగులోకి వెళ్లింది రాబోయే తనిఖీకి సామాను సర్దడానికి. ఐదు రోజులు, అంతే తేడా.

అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని డేవిస్-బెస్సీ అణు కేంద్రం సంగతి ఇంకోలాంటిది. రియాక్టర్ మూతలోంచి వెళ్లే గొట్టాల దగ్గర పగుళ్లు వస్తున్నాయని తెలిసి, 2001 ఆగస్టులో నియంత్రణ సంస్థ అలాంటి కేంద్రాలన్నిటికీ నోటీసు పంపింది. ఎక్కువ ప్రమాదం ఉన్నవి డిసెంబరు 31 లోపు తనిఖీ చేసుకోవాలంది. ఈ కేంద్రం మాత్రం మార్చిలో ఇంధనం మార్చడానికి ఎలాగూ ఆపుతాం కదా, అప్పటిదాకా నడుపుతామంది. ఆపమని ఉత్తర్వు కూడా ముసాయిదాగా తయారైంది. చివరికి బేరమాడినట్టు ఫిబ్రవరి 16 అని ఇద్దరూ ఒప్పుకున్నారు. మార్చిలో తెరిచి చూస్తే, లీకైన బోరిక్ ఆమ్లం మూత ఉక్కుని తినేసి పెద్ద గుంత చేసింది. ఆరంగుళాల పైచిలుకు మందమున్న ఉక్కు ఆ చోట మొత్తం పోయి, లోపలి వైపు సెంటీమీటరు కూడా లేని స్టెయిన్‌లెస్ స్టీల్ పొర ఒక్కటే లోపలి ఒత్తిడినంతా మోస్తోంది. ఆ గుంత ఆరు వారాల్లో పడింది కాదు, ఏళ్లుగా తింటూ వచ్చింది. పొర పగల్లేదు, ఎవరికీ ఏమీ కాలేదు. అయినా ఆ సంస్థ సొంత ఇన్‌స్పెక్టర్ జనరల్ తర్వాత విచారించి, కంపెనీకి ఆర్థికంగా నష్టం తగ్గించాలన్న ఆలోచన ఆ తేదీ మీద చాలావరకు పనిచేసిందని రాశారు. అయ్యా, మీరు ఆ కుర్చీలోనే కూర్చున్నారు. మీ టేబుల్ మీదకి వచ్చే ప్రతి వాయిదా అర్జీ అలాంటిదే కావచ్చు, కాకపోవచ్చు. సంతకం పెట్టే రోజున అది మీకు తెలియదు.

ఇక చెర్నోబిల్‌లో 1986 ఏప్రిల్ 25 పగలు జరగాల్సిన టెస్టు, కరెంటు అవసరం ఉందని కీవ్ గ్రిడ్ కంట్రోలర్ ఆపమనడంతో రాత్రికి జరిగింది. అర్ధరాత్రి డ్యూటీ ఎక్కిన షిఫ్ట్ ఆ టెస్టుకి తయారై వచ్చింది కాదు. ఆ రియాక్టర్ డిజైన్‌లో ఘోరమైన లోపాలున్నాయి, నేరమంతా వాయిదాదే అనడం అన్యాయం. కానీ ఒక టెస్టుని పగటి నుంచి రాత్రికి జరిపితే తేదీతో పాటు మనుషులు, వాళ్ల చేతిలోని సమాచారం, రియాక్టర్ ఉన్న స్థితి కూడా మారిపోతాయని ఆ రాత్రి చెప్పింది.

సరిగ్గా చేసినవాళ్లూ ఉన్నారు. 2021లో ఫ్రాన్స్‌లోని సివో కేంద్రంలో, పదేళ్లకోసారి జరిగే పెద్ద తనిఖీలో అల్ట్రాసౌండ్‌తో చూస్తే భద్రతా గొట్టాల్లో ఎవరూ ఊహించని పగుళ్లు కనిపించాయి. కరెంటు బాగా అవసరమైన చలికాలంలో అదే రకం రియాక్టర్లను ఆపి చూశారు. మరుసటి ఏడాది దేశంలో అణు విద్యుత్ ఉత్పత్తి బాగా పడిపోయింది, దేశమంతా టెన్షన్ పడింది. ఆ తనిఖీని రెండేళ్లు జరుపుదామని ఎవరైనా అని ఉంటే, ఆ పగుళ్లు రెండేళ్లు అలాగే ఉండేవి.

నేను కోరేది పెద్ద మార్పేమీ కాదు. మీరు ఒప్పుకునే ప్రతి వాయిదా, అది అమల్లోకి రాకముందే జనానికి కనిపించాలి. ఏ పరీక్ష, అసలు తేదీ ఏది, కొత్త తేదీ ఏది, ఎందుకు, ఆ మధ్యకాలంలో ఏం జాగ్రత్త తీసుకుంటున్నారు, ఎవరు ఆమోదించారు అన్నది నాలుగు లైన్లలో ఉంటే చాలు. రక్షణ రహస్యాలు అడగడం లేదు. కారణం కాలమ్‌లో 'డిమాండ్' అని రాయాల్సి వస్తే, ఆ అర్జీ అక్కడే ఆగిపోవాలి.

గ్రేస్ సంగతి కూడా చూడాలి. అమెరికాలో చాలా పరీక్షలకు గడువు మీద 25 శాతం అదనపు వెసులుబాటు ఉంది. అది అనుకోని ఇబ్బందుల కోసం ఇచ్చింది, ప్రతిసారీ వాడుకోవడానికి కాదు. 31 రోజుల టెస్టుని ప్రతిసారీ చివరి గంటదాకా లాగితే ఏడాదికి 12 జరగాల్సిన టెస్టులు తొమ్మిదికి పడిపోతాయి, కాగితం మీద మాత్రం ఒక్కటీ గడువు దాటినట్టు ఉండదు. అందుకే తర్వాతి తేదీని టెస్టు జరిగిన రోజు నుంచి కాకుండా, జరగాల్సిన రోజు నుంచి లెక్కపెట్టమని అడుగుతున్నాను. ఇలా చేస్తే షెడ్యూలు చేసేవాళ్లకి కష్టమే, ఆ కష్టం నేనూ పడ్డాను. పడవచ్చు.

ఒకదానికొకటి తోడుగా ఉన్న రెండు డీజిళ్లని ఒకే బృందం ఒకే రోజున పరీక్షించకుండా చూడండి. ఒక చోట చేసిన పొరపాటే రెండో చోటా చేస్తే తోడు ఉన్నా లేనట్టే. వేరే షిఫ్ట్‌కి జరిగిన ప్రతి టెస్టుకి, ఆ షిఫ్ట్ మనుషులతో ప్లాను మళ్లీ మొదటినుంచి చదివించాలన్న రూలు కూడా పెట్టండి. వద్దు అనే హక్కు వాళ్లలో అందరికన్నా చిన్న ఉద్యోగికి కూడా ఉండాలి.

వీటిలో మొదటిదానికి కొత్త చట్టం అక్కర్లేదు. గత ఏడాది మీ సంస్థ ఆమోదించిన వాయిదాల పట్టికను కారణాల కాలమ్‌తో సహా బయటపెట్టండి. ఆ పట్టికను లైను లైనుగా చదవడానికి నాలాంటివాళ్లం కొంతమందిమి ఉన్నాం. మీ జవాబు కోసం ఎదురుచూస్తాను.

భవదీయుడు,
ఒక మాజీ టెస్టింగ్ ఉద్యోగి