పెట్టల వీపు బోసిపోతే తెగులనుకోవద్దు

సంపాదకులు గారికి,

పెరట్లో తిరిగే పెట్టల వీపు మీద ఈకలు ఊడిపోతే ఏదో తెగులు సోకిందని మందులకు పరుగెత్తడం మా చంద్రగిరి వైపు పల్లెల్లో మామూలే. ఆ పొరపాటు నేనూ చేశాను కాబట్టి ఈ లేఖ రాస్తున్నాను.

మాకు నాలుగు నాటు పెట్టలు, బరువైన అసీలు పుంజు ఒకటి ఉండేవి. నిరుడు ఎండాకాలంలో చిన్న పెట్టకు తల వెనుక, నడుము మీద ఈకలు పోయి చర్మం ఎర్రగా బయటపడింది. మందుల దుకాణంలో అడిగితే విటమిన్ చుక్కలు ఇచ్చారు. వారం రోజులు అవి నీళ్లలో కలిపి పెట్టాను. ఈలోగా రెక్క కింద, పుంజు కాలి ముల్లు చీరిన గాయం మీద ఈగలు వాలి పురుగు పట్టి, పెట్ట చనిపోయింది. ఒక్కసారి రెక్క ఎత్తి చూసి ఉంటే దక్కేదన్న బాధ నాకు ఇంకా పోలేదు.

అది తెగులు కాదు, పుంజుకు తగినన్ని పెట్టలు లేకపోవడం. ఒక పుంజుకు 8 నుంచి 10 పెట్టలు ఉండాలి. అంతకంటే తక్కువ ఉంటే రోజంతా వాటినే, అందులోనూ తనకు నచ్చిన ఒకటి రెండింటినే జతకట్టడానికి తొక్కుతుంది. తొక్కేటప్పుడు ముక్కుతో తల వెనుక ఈకలు పట్టుకొని, కాళ్లతో వీపు మీద నిలదొక్కుకుంటుంది కనుక ఈకలు ఆ రెండు చోట్లే విరుగుతాయి. విరిగిన ఈక మొదలు చర్మంలోనే మిగిలిపోతుంది కాబట్టి, ఈకలు మార్చే కాలం వచ్చేదాకా అక్కడ కొత్తది మొలవదు. నెత్తురు కనబడితే తోటి పెట్టలే పొడుస్తాయి. అందుకే గాయపడినదాన్ని వెంటనే వేరు చేయాలి.

గుడ్లు పెట్టడానికి పుంజు అక్కరలేదు, పిల్లలు కావాలంటేనే కావాలి. ఒకసారి కలిసిన పెట్ట వారం దాటినా పొదగడానికి పనికివచ్చే గుడ్లు పెడుతుంది. కాబట్టి పుంజును పెట్టలు కనబడేలా వల గూట్లో విడిగా ఉంచి, వారానికి రెండు పూటలు వదిలితే చాలు. కాలి ముల్లు కొసను మాత్రమే ఆకురాయితో మొద్దు చేయాలి. లోపల ఎముక, నెత్తురు ఉంటాయి, లోతుగా కోయకూడదు. పెట్టల వీపుకు మందపాటి గుడ్డ కట్టేవారు దాని కింద పేలు చేరకుండా తరచూ విప్పి చూడాలి.

అసలు చిక్కు పిల్లలు తెచ్చుకునేటప్పుడే మొదలవుతోంది. ఆడా మగా వేరు చేయని పిల్లలను పది తెచ్చుకుంటే వాటిలో ఇంచుమించు సగం పుంజులే అవుతాయి. రైతు సేవా కేంద్రాల్లోని పశుసంవర్ధక సహాయకులు ఈ లెక్క ముందే చెప్పాలని, తిరుపతిలోని శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం వారు ఈకలు విరిగిన వీపుకూ తెగులు సోకిన వీపుకూ తేడా తెలిపే బొమ్మలతో ఒక కరపత్రం వేయించాలని కోరుతున్నాను. మీ వ్యవసాయ పేజీలో కూడా ఆ బొమ్మలు వేస్తే మా ఊరి ఆడవాళ్లకు చూపించగలను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
చంద్రగిరి మండలం, తిరుపతి జిల్లా