ఇథియోపియాలోని హవాసాలో పాఠాలు చెబుతున్న చిన్నాకి అమ్మ రాసేది

చినవాల్తేరు, విశాఖపట్నం
అక్టోబరు 12, 2025, ఆదివారం

చిన్నా,

నిన్న రాత్రి నీ ఫోన్ పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదు. "క్లాసులో ఒక్కరూ నోరు విప్పరమ్మా, గోడలకి పాఠం చెబుతున్నట్టుంది. అనవసరంగా వచ్చానేమో" అన్నావు. దీని గురించి ఫోన్‌లో మాట్లాడదామంటే మధ్యలో లైను తెగిపోతుంది, లేకపోతే నువ్వే "సరేలే అమ్మా" అని ముగించేస్తావు. అందుకే కాగితం మీద రాస్తున్నాను. మీ నాన్న ఫొటో తీసి వాట్సాప్‌లో పంపుతారు. తీరిగ్గా చదువుకో.

నువ్వన్న మాటే ఒకప్పుడు నేనూ అన్నాను. 1989లో, ముంచింగిపుట్టు దగ్గర ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలలో. బీఈడీ అయిన కొత్త, అదే మొదటి పోస్టింగు. సముద్రం పక్కన పుట్టి పెరిగినదాన్ని, పాడేరు ఘాట్ రోడ్డు ఎక్కడం కూడా అదే మొదలు. ఒక ట్రంకు పెట్టె, మీ తాతగారు కొనిచ్చిన కిరసనాయిలు స్టవ్వు, జాడీడు ఆవకాయ. ఏడో తరగతికి లెక్కలు ఇచ్చారు. భిన్నాలతో మొదలుపెట్టాను. బోర్డు మీద రొట్టె బొమ్మ గీసి నాలుగు ముక్కలు చేసి, ఒక ముక్క పావు అని చెప్పాను. నెల రోజులు చెప్పాను. నలభై మంది పిల్లలు చేతులు కట్టుకుని నన్నే చూసేవారు. "అర్థమైందా?" అంటే అందరూ తలలూపేవారు. స్లిప్ టెస్టు పెడితే అందరివీ సున్నాలే. వీళ్లకి లెక్కలు రావు, వీళ్ల బుర్రలింతే అనుకున్నాను. ఆ మాట బయటికి అనలేదు గానీ, మనసులో మాత్రం కచ్చితంగా అనుకున్నాను. అది ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది. బదిలీకి దరఖాస్తు రాసి ట్రంకు పెట్టెలో పెట్టుకున్నాను.

తరవాత సంతలో ఏం జరిగిందో నీకు ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు. మా తరగతిలో చివరి వరసలో కూర్చునే పిల్ల వాళ్లమ్మతో కలిసి రాజ్మా గింజలు అమ్మడానికి వచ్చింది. షావుకారు తన మానికతో కొలిచి మూడున్నర అన్నాడు, డబ్బులు లెక్కపెట్టేస్తున్నాడు. ఆ పిల్ల ఒప్పుకోలేదు. వాళ్ల తవ్వ తీసి మళ్లీ కొలిచింది. ఏడు తవ్వలు అయ్యాక ఇంకా సోలెడు మిగిలింది. మూడున్నర కాదు, మూడుముప్పావు అని వాళ్ల భాషలో గడగడా వాదించి, ఆ సోలెడుకి కూడా డబ్బు రాబట్టింది. మానికలో సగం తవ్వ, తవ్వలో సగం సోల. బోర్డు మీద పావు రాయలేని పిల్ల, నేను సున్నా వేసిన పిల్ల, సంత మధ్యలో పావుకి లెక్క తేల్చింది.

ఆ పిల్లకి రానిది భిన్నం కాదు చిన్నా, నా తెలుగు. ఇంట్లో వాళ్లు కువి మాట్లాడతారు, ఊరూ ఊరూ కలిసిన చోట ఆదివాసీ ఒడియా. బడిలో తెలుగు మూడో భాష. నేను విశాఖ తెలుగులో, నా స్పీడులో, వాళ్లు ఎన్నడూ చూడని రొట్టె బొమ్మ గీసి చెబుతున్నాను.

సోమవారం హాస్టలు వంటగది నుంచి సోల, తవ్వ, మానిక అడిగి తెచ్చాను. కుండెడు ఇసక పెట్టాను. పాఠం చెప్పలేదు. సోల పైకెత్తి "దీన్ని మీ ఇంట్లో ఏమంటారు?" అని అడిగాను. చివరి వరసలోంచి ఆ పిల్లే చెప్పింది. నేను పలికాను, తప్పు పలికానని మరో పిల్ల దిద్దింది. నీళ్లని పాని అంటారని, అదనీ ఇదనీ ఒకటే గోల. నెల తరవాత ఆ గదిలో నేను విన్న మొదటి మాటలు అవి. ఆ దరఖాస్తు పెట్టెలోనే ఉండిపోయింది. ఆరేళ్లు అక్కడే పని చేశాను.

ఇప్పుడు నీ సంగతి. మన పై వాటాలో ఆంధ్రా యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తున్న ఇథియోపియా అబ్బాయి అద్దెకున్నాడు కదా, పొద్దున్నే అతన్ని కూర్చోబెట్టి అడిగాను. వాళ్ల దేశంలో ఎనభైకి పైగా భాషలున్నాయట. హవాసా చుట్టుపక్కల వాళ్లది సిదామా భాష. నీ క్లాసులో పిల్లలు దేశం నలుమూలల నుంచి వచ్చి ఉంటారు, అందులో చాలామందికి దేశమంతా వాడే అమ్హారిక్ కూడా ఇంటి భాష కాదు అన్నాడు. హైస్కూలు నుంచి ఇంగ్లీషు మీడియమే. కానీ పుస్తకంలో ఇంగ్లీషు వేరు, మన వైపు యాసతో నువ్వు మాట్లాడే ఇంగ్లీషు వేరు. అతను ఇక్కడికొచ్చిన కొత్తలో మన లెక్చరర్లు చెప్పేది నాలుగు నెలలదాకా సగమే అర్థమైందట. "అడగొచ్చు కదా బాబూ" అన్నాను. "గురువుని ఎలా ఆపుతామండీ" అన్నాడు. మా ముంచింగిపుట్టు పిల్లలు కూడా ఇదే అనుండేవారు, అనడానికి తెలుగు వచ్చి ఉంటే.

ఇంకో విషయం అడిగాను. నువ్వు పాఠం చెబుతుంటే వాళ్లు ఉలిక్కిపడ్డట్టు గబుక్కున ఊపిరి లోపలికి పీలుస్తారని, ఏం తప్పు చెప్పానో తెలియడం లేదని అన్నావు కదా. అది "ఔను" అనడమట నాన్నా! అక్కడ చాలామంది మాట బదులు అలా ఊపిరి పీల్చి ఊ కొడతారట. అంటే ఇన్నాళ్లూ వాళ్లు నీ పాఠానికి ఊ కొడుతూనే ఉన్నారు. ఇది విన్నాక నాకు ఎంత తేలికయిందో చెప్పలేను. మనం తల అడ్డంగా ఊపుతూ ఔననడం చూసి ఇక్కడ మొదట్లో అతను కూడా ఇలాగే తికమకపడ్డాడట.

నువ్వు చెప్పేది మట్టి గురించి. అంతకంటే మంచి సబ్జెక్టు ఏముంటుంది? అక్కడి పల్లెల్లో కర్రలు పాతి, మట్టిలో టెఫ్ అనే వాళ్ల ధాన్యం గడ్డి కలిపి మెత్తి గోడలు కడతారట, ఆ మట్టిని "చిక" అంటారట. ఆ గడ్డి ఎందుకు కలుపుతారు, కలపకపోతే ఎండాక గోడ ఎందుకు బీటలు వారుతుంది, ఇది వాళ్లలో ఎంతోమంది చిన్నప్పుడు కాళ్లతో తొక్కి నేర్చుకున్న విద్య. మన పల్లెల్లోనూ గోడమట్టిలో గడ్డి కలిపేవారు కదా. రేపు వెళ్లి మట్టి కుంచించుకుపోవడం గురించి నిర్వచనం రాయకు. "మీ ఊళ్లో గోడ ఎలా కడతారు?" అని అడుగు. వాళ్ల దగ్గర నల్లరేగడి కూడా బోలెడు ఉందంటున్నాడు ఈ అబ్బాయి. వానకి ఉబ్బి, ఎండకి నోళ్లు తెరిచే నేల మీద ఇల్లు కట్టి అవస్థపడ్డవాళ్లు నీ క్లాసులో కచ్చితంగా ఉంటారు. జవాబు అమ్హారిక్‌లో చెప్పినా చెప్పనీ, పక్కవాడు ఇంగ్లీషులోకి మారుస్తాడు.

"అర్థమైందా?" అని మాత్రం అడగకు. ఆ ప్రశ్నకి ఏ దేశంలోనైనా ఔననే అంటారు. బోర్డుకి ఎడమ పక్కన గీత గీసి, ఆ రోజు పాఠంలో వచ్చే కష్టమైన ఇంగ్లీషు మాటలు ఏడెనిమిది రాసి, గంట పూర్తయ్యేదాకా చెరపకుండా ఉంచు. ఒక వాక్యం చెప్పాక ఆగు. నీకు చిన్నప్పటి నుంచీ మాట తొందర. ప్రశ్న వేశాక మనసులో పది లెక్కపెట్టు, నిశ్శబ్దం భరించలేక నువ్వే జవాబు చెప్పేయకు. ఇద్దరిద్దరుగా మాట్లాడుకోమని, తరవాత చెప్పమను.

వాళ్ల అక్షరాలు కూడా నేర్చుకో. అవి చూస్తే భయపడాల్సిందేమీ లేదు, మన గుణింతమే. 33 అక్షరాలు, ఒక్కోదానికి 7 రూపాలు. క కా కి కీ దిద్దినవాడివి, నీకు నెల చాలు. వాళ్ల పేర్లు వాళ్ల అక్షరాల్లో రాసుకుని పిలువు. అక్కడ ఇంటిపేర్లు ఉండవట, సొంత పేరు, దాని వెనక తండ్రి పేరు. అందుకే రెండో పేరుతో పిలిస్తే వాళ్ల నాన్నని పిలిచినట్టు! నీ పాస్‌పోర్టులో ఇంటిపేరు చూసి ఆఫీసులో తికమకపడ్డారంటే అదీ ఇందుకే.

గడియారం సంగతి విని మీ నాన్న నొచ్చుకున్నారు. రెండు గంటలకి క్లాసన్నారని మధ్యాహ్నం వెళితే గది ఖాళీగా ఉంది, వాళ్లన్నది పొద్దున్న ఎనిమిది. హెడ్డు దగ్గర మాట పడాల్సి వచ్చింది. అందులో నీ తప్పేమీ లేదు, కానీ ఆలోచిస్తే వాళ్ల లెక్కా కొత్తదేం కాదు. పొద్దు పొడిచిన దగ్గర నుంచి లెక్కపెడతారు. మన పంచాంగంలో గడియలు లెక్కకట్టేదీ సూర్యోదయం నుంచే కదా. నేను ఇలా గుర్తుపెట్టుకున్నాను: మన టైములోంచి రెండున్నర తీసేస్తే నీ టైము, అందులోంచి ఆరు తీసేస్తే వాళ్ల టైము. ఇక్కడ పదిన్నరయితే నీకు ఎనిమిది, వాళ్లకి రెండు. ఎవరు టైము చెప్పినా "మీ లెక్కా, ఫారిన్ లెక్కా?" అని అడిగెయ్, మొహమాటం వద్దు. కాగితాల మీద తేదీలు కూడా రెండు రకాలుగా రాసుకో. సెప్టెంబరు 11న వాళ్లకి 2018 మొదలయింది, పదమూడు నెలల ఏడాది. పర్మిట్ గడువు ఏ క్యాలెండరులో ఉందో చూసుకోకపోతే ఇబ్బంది పడతావు.

పప్పు ఉడకడం లేదన్నావు. నువ్వున్నది సుమారు 1,700 మీటర్ల ఎత్తు, నీళ్లు 94 డిగ్రీలకే మరిగిపోతాయి. ఇక గిన్నెలో పెడితే కందిపప్పు ఎలా మెత్తబడుతుంది? ముందు రాత్రే నానబెట్టు, కుక్కరులో రెండు విజిల్స్ ఎక్కువ రానివ్వు. గాస్కెట్ పాతదైపోతే చెప్పు. వాళ్ల అట్టు ఇంజెరా పుల్లగా ఉందని మానేశావట. పులిసిన పిండి అట్టు తినవా నువ్వు? దాన్నీ ఒకవైపే కాలుస్తారు. ముందు షిరో వేసుకుని తిను, అది శెనగపిండి కూర, పూరీల్లోకి మనం చేసుకునే బొంబాయి చట్నీకి అక్క లాంటిది. బుధ, శుక్రవారాలు వాళ్లలో ఆర్థడాక్స్ వాళ్లకి ఉపవాసం, మాంసం, పాలు, గుడ్లు ముట్టరు. ఆ రోజుల్లో చాలా హోటళ్లలో పప్పులు, ఆకుకూరల ఉపవాసం వంటలు దొరుకుతాయి, మాంసం లేనిది కావాలంటే అవి అడుగు. మన చోళ్లు, అదే రాగులు, కూడా ఆఫ్రికా తూర్పు కొండల నుంచి మనకి వచ్చినవే అంటారు. మా బడి పిల్లలు చోడి అంబలి తాగి పెరిగారు, నేనూ వాళ్ల దగ్గరే అలవాటు చేసుకున్నాను.

చిన్నా, ఈ రోజు తేదీ చూశావా? హుద్‌హుద్ తుఫాను వచ్చింది 2014లో ఇదే రోజు, అదీ ఆదివారమే. రోజుల తరబడి కరెంటు లేదు, మోటారు లేదు, చుక్క నీరు లేదు. ఎదురింట్లో నుయ్యి ఉందని తెలిసి కూడా, వాళ్లతో ఏనాడూ మాట్లాడలేదని నువ్వు బకెట్టు పట్టుకుని వాళ్ల గేటు బయట నిలబడిపోయావు. విరిగిపడ్డ చెట్టు పక్కన, తడి చొక్కాతో, పిలవడానికి నోరు రాక. ఆ మామ్మగారే చూసి "ఇన్నేళ్లకి వచ్చావా బాబూ, రా" అన్నారు. ఆ తరవాత నువ్వు ఇంజనీరింగ్ పూర్తిచేసేదాకా ఆవిడ చేతి పులిహోర రాని పండగ లేదు.

ఇప్పుడూ అదే గేటు బయట నిలబడ్డావని నా అనుమానం. పక్క క్వార్టర్సు వాళ్లు మూడుసార్లు కాఫీకి పిలిచారు, నోట్సు తయారు చేసుకోవాలని వెళ్లలేదు అన్నావు. వెళ్లు నాన్నా. కాఫీ అంటే మనలా గ్లాసుడు తాగి లేచిపోయేది కాదు, గింజలు నీ ఎదుటే వేయించి, దంచి, మూడు విడతలు పోస్తారట. మూడోదాన్ని "బరకా" అంటారు, దీవెన అని అర్థం. అది తాగేదాకా లేవకు. అరబికా మొక్కకి ఆ దేశమే పుట్టిల్లు, మన అరకు మెట్టినిల్లు. నేను పెట్టిన అరకు పొడి ప్యాకెట్టు ఇంకా విప్పలేదు కదా, అది పట్టుకెళ్లు. ఉత్త చేతులతో వెళ్లకు.

నీకు అక్కడ సముద్రం లేదన్న బెంగ నాకు తెలుసు. ఆ దేశానికే సముద్రం లేదు. సాయంత్రాలు సరస్సు ఒడ్డుకి వెళ్లు, చేపల బజారు ఉందంటున్నాడు ఈ అబ్బాయి, వలలు ఆరబెట్టిన వాసన వస్తే మన ఫిషింగ్ హార్బర్ గుర్తొస్తుందేమో. అతను నీకొక మాట చెప్పమన్నాడు. నడిచేవాడికి కాలు తట్టుకున్నా, మనసు బాగోలేకపోయినా, ముక్కూమొహం తెలియనివాళ్లు కూడా అక్కడ "అయిజోహ్" అంటారట. ధైర్యంగా ఉండు, ఏం కాదు అని. మగవాళ్లతో అయితే అయిజోహ్, ఆడవాళ్లతో అయితే అయిజోష్. అతను రెండూ నా చేత పలికించాడు.

దీపావళికి ఇంకా ఎనిమిది రోజులుంది. నువ్వు లేవని మీ నాన్న మతాబులు కొననన్నారు, నేను కొనమన్నాను. పై వాటా అబ్బాయి చేత వెలిగిస్తాను.

వెనక బెంచీలో కిటికీ పక్కన ఒకడు కూర్చుంటాడు, పుస్తకం కూడా తెరవడు అన్నావు. వచ్చే ఆదివారం ఫోన్ చేసినప్పుడు వాడి పేరేంటో, ఏ ఊరో, ఇంట్లో ఏ భాష మాట్లాడతారో, నీళ్లని వాళ్లు ఏమంటారో నాకు చెప్పు.

అమ్మ