ప్యాలెస్‌లలో పాలిచ్చే గది ఏది?

చూడటానికి వెళ్లిన రాజమహల్లో పసిబిడ్డకు పాలివ్వడానికి కాస్త చాటు దొరక్కపోవడం తల్లులకు పెద్ద ఇబ్బంది. ఉదయ్‌పూర్ సిటీ ప్యాలెస్ వంటి కట్టడాల్లో ఇరుకు మెట్లు ఆనాటి నిర్మాణంలో భాగం, వాటిని మార్చమని ఎవరూ అడగరు. కానీ ఈమధ్య మేం వెళ్లిన ఒక ప్యాలెస్‌లో, గుక్కపట్టి ఏడుస్తున్న పాపకు మా కోడలు జనం దాటిపోయే మెట్ల మీదే చున్నీ కప్పుకుని పాలివ్వాల్సి వచ్చింది. డైపర్ మార్చడానికి టాయిలెట్‌లో చిన్న బల్ల కూడా లేదు. తాజ్‌మహల్‌లో 2019లోనే పాలిచ్చే గది పెట్టారు, మిగతాచోట్ల ఎందుకు కుదరదు? టికెట్ కౌంటర్ పక్కనే అలాంటి గది, స్ట్రోలర్ (పసిపిల్లల్ని కూర్చోబెట్టి తోసే బండి) భద్రపరిచే చోటు ఏర్పాటు చేయాలి. స్ట్రోలర్ లోపలికి వెళ్తుందో లేదో టికెట్ బుక్ చేసేటప్పుడే చెప్పాలి.