గాజు చదువుకు వెళ్లే పాపకు

పాపా,

గాజు కళలో పీజీ చేస్తానని నువ్వు ఫోన్లో చెప్పినప్పటి నుంచి మీ అమ్మకు ఒకటే టెన్షన్. ఆ చదువు చదివితే ఉద్యోగం ఏమొస్తుందని అవ్వ కూడా అడుగుతోంది. వాళ్లకు నేను చెప్పుకుంటాలే. నాకైతే చాలా సంతోషంగా ఉంది. నీకు రాయాల్సిన మాట ఒకటుంది: కాలేజీ పేరు చూసి తొందరపడొద్దు, ముందు అక్కడి వర్క్‌షాప్ చూడు.

కర్నూల్లో మన షాపుకు వచ్చేది ఎప్పుడో చల్లారిన గాజు. డైమండ్‌తో గీత గీసి, బల్ల అంచున పెట్టి విరిస్తే నా పని అయిపోతుంది. నువ్వు పోయేది 1100 డిగ్రీల దగ్గర పాకంలా సాగే గాజు దగ్గరికి. ఆ పని నాకు తెలియదు. కానీ గాజు లోపల దాగుండే ఒత్తిడి సంగతి నాకు బాగా తెలుసు. టఫెన్డ్ అద్దాన్ని కోయలేమని చిన్నప్పుడే నీకు చూపించాను, గుర్తుందా? వేడి పలక మీద గాలి కొట్టి గబగబా చల్లార్చి, ఆ ఒత్తిడిని కావాలనే లోపల నిలుపుతారు. అంచుకు గట్టి దెబ్బ తగిలితే మొత్తం పలుకులై రాలిపోతుంది.

నీ బొమ్మల్లో ఆ ఒత్తిడి మిగలకూడదు. అందుకే అనీలింగ్ కిల్న్‌లో, అంటే గాజును మెల్లగా చల్లార్చే కొలిమిలో, 500 డిగ్రీల అటూ ఇటూ కాసేపు నిలిపి, ఆ తర్వాత మెల్లగా దించుతారు. మందం పెరిగేకొద్దీ గంటలు కాస్తా రోజులవుతాయి. పాలోమార్ టెలిస్కోపు అద్దం కోసం 1934లో అమెరికాలోని కార్నింగ్ కంపెనీ 200 అంగుళాల గాజు బిళ్ల పోత పోసి, చల్లార్చడానికి సుమారు 10 నెలలు తీసుకుందట. నువ్వు శిల్పం చదివినదానివి, పెద్ద ముక్కలే చేయాలనుకుంటావు. కాబట్టి ఏ కాలేజీనైనా మొదట ఇదే అడుగు: కిల్న్‌లు ఎన్ని, ఒక్కోదాన్ని ఎంతమంది పంచుకుంటారు, నీ ముక్క వారం రోజులు లోపలుంటే ఒప్పుకుంటారా? వారానికి ఎన్ని గంటలు ఫర్నేసు దగ్గర నిలబడనిస్తారో కూడా అడుగు. ఫీజు సంగతి ఆ తర్వాత మాట్లాడుకుందాం, లోను నేను చూసుకుంటాను.

అహ్మదాబాద్ ఎన్‌ఐడీలో (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) సిరామిక్, గ్లాస్ డిజైన్ పీజీ ఉంది. మన దేశంలోనే కాబట్టి మీ అమ్మ మొగ్గు అటే. అయితే అది డిజైన్ చదువు, నీ మనసు శిల్పం మీద. రెండూ ఒకటి కావని నా అభిప్రాయం, పరీక్ష రాసేలోపు బాగా ఆలోచించు. లండన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్, అమెరికాలో రోడ్ ఐలాండ్ స్కూల్ ఆఫ్ డిజైన్ కూడా ఉన్నాయన్నావు. ఈ చదువు యూనివర్సిటీల్లోకి ఎలా వచ్చిందో చదివాను. అమెరికాలో అంతవరకు గాజు ఊదడమంటే ఎక్కువగా ఫ్యాక్టరీ పనే. 1962లో హార్వే లిటిల్టన్ అనే కుండల మాస్టారు టొలీడో మ్యూజియం ఆవరణలో చిన్న కొలిమి పెట్టి నేర్పించాడు. మొదట పోసిన గాజు సరిగా రాలేదు. డొమినిక్ లాబినో అనే గాజు నిపుణుడు ఫైబర్‌గ్లాస్‌కు వాడే గోళీలు ఇస్తే, వాటిని కరిగించి పని సాగించారు.

ఆ లిటిల్టన్ దగ్గర చదివిన గాజు కళాకారుడు డేల్ చిహూలీకి 1976లో యాక్సిడెంట్‌లో ఒక కన్ను పోయింది. తర్వాత భుజానికి కూడా దెబ్బ తగిలితే, గాజు ఊదే గొట్టం తను పట్టడం మానేసి పక్కన నిలబడి మనుషుల చేత చేయించాడు. వేడి గాజు ఒక్కరి వల్ల అయ్యే పని కాదమ్మా. ఒకరు ఊదాలి, ఒకరు కొలిమి తలుపు తీయాలి, ఒకరు అడుగున రెండో కడ్డీ అంటించాలి. నువ్వేమో గదిలో ఒంటరిగా కూర్చుని చేసుకునే పిల్లవి. నోరు తెరిచి సాయం అడగడం ఇప్పటి నుంచే అలవాటు చేసుకో.

ఇంకొకటి, దీంట్లో మాత్రం నా మాట కాదనొద్దు. గాజు అరగదీసేటప్పుడు తడి లేకుండా అరగదీయొద్దు, నీళ్లు పారుతూ ఉండాలి. అచ్చులకు వాడే ప్లాస్టర్, సిలికా పొడి కలిపేటప్పుడు మంచి మాస్కు ఉండాలి, బట్ట మాస్కు పనికిరాదు. సిలికా ఊపిరితిత్తుల్లోకి పోతే మళ్లీ బయటికి రాదు. మన పక్క రాళ్లు పగలగొట్టే వాళ్ల దగ్గు నువ్వు వినే ఉంటావు. మాస్కు గురించి పట్టించుకోని కాలేజీ అయితే ఎంత పేరున్నా వద్దు.

అప్లికేషన్ కోసం ముక్కలు కరిగించి చేస్తానన్నావు కదా. రెండు వేర్వేరు రకాల గాజులు కలిపితే వాటి వ్యాకోచం తేడా వల్ల చల్లారాక పగులుతాయి. అందుకని ఒకే షీటులోంచి 4 ఎంఎం పలకలు కోసి పెట్టాను. ఈ పలకలు ఫ్లోట్ గాజువి, దాన్ని కరిగిన తగరం మీద తేలించి చేస్తారు కాబట్టి ఒక వైపు తగరం అంటుకుని ఉంటుంది. కరిగించినప్పుడు ఆ వైపు మసకబారొచ్చు. యూవీ లైటుతో చూసి ఆ వైపున మార్కర్‌తో గుర్తు పెట్టాను, కిల్న్‌లో పెట్టే ముందు తుడిచేయి. గురువారం బస్సులో పార్సిల్ వేస్తాను, నీ రూముకు దగ్గరలో ఎక్కడ దిగుతుందో మెసేజ్ పెట్టు.

మీ నాయన