నాన్న రిపోర్టు గురించి తమ్ముడికి

తమ్ముడూ,

నాన్నకి అన్నవాహికలో ఉబ్బిన సిరలకి బ్యాండ్లు వేశారని, రక్తం ఆగిందని నువ్వు చెప్పాక ప్రాణం కుదుటపడింది. కానీ "ఇంక గండం గడిచిందక్కా" అన్నావు చూడూ, అక్కడే గుబులు పట్టుకుంది. అమ్మ పక్కనే ఉందని ఫోన్లో ఊరుకున్నా. ఎండోస్కోపీ గదిలో నర్సుగా రోజూ చూసేదే కనక తీరిగ్గా రాస్తున్నా.

ఉబ్బిన సిరని ఎండోస్కోపు కొసనున్న మూతలోకి పీల్చి, దాని మొదలు చుట్టూ చిన్న రబ్బరు రింగు వదులుతారు. బిగిసిన సిర నల్లద్రాక్షలా కనిపిస్తుంది, కొద్ది రోజుల్లో రాలిపోతుంది. రాలిన చోట పుండు పడుతుంది, ఒక్కోసారి అదీ కారుతుంది. అందుకే ఈ రెండు వారాలూ విరేచనం నల్లగా, జిగటగా వస్తోందేమో అడుగుతూ ఉండు. వస్తే తెల్లారేదాకా ఆగొద్దు.

అసలు జబ్బు అన్నవాహికలో లేదురా, గట్టిపడిన కాలేయంలో ఉంది. పేగుల నుంచి వచ్చే రక్తం అందులోంచి పోలేక పక్క సిరల్లోకి మళ్లుతోంది. బ్యాండు ఆ సిరల్ని మూస్తుందే గానీ వత్తిడి తగ్గించదు. ఒకేలా బ్యాండ్లు వేయించుకున్న ఇద్దరిలో ఒకరు నడిచి ఇంటికెళ్తారు. ఇంకొకరికి రక్తం ఆగినా కామెర్లు ముదిరి, మగత కమ్మి, చేయి దాటిపోతుంది. ఆ తేడా చాలావరకు కాలేయంలో మిగిలిన సత్తువదే. మొదటి 6 వారాలూ గడ్డుకాలం.

నువ్వు పంపిన రిపోర్టుతో చైల్డ్-పగ్ లెక్క కట్టా. కాలేయం ఎంత దెబ్బతిందో చెప్పే లెక్క అది, అంకె పెరిగేకొద్దీ పరిస్థితి అంత బాగోలేదని. కామెర్లని చూపే బిలిరుబిన్ 2.6కి 2, కాలేయం తయారుచేసే ప్రోటీన్ అల్బుమిన్ 2.9కి 2, రక్తం గడ్డకట్టే తీరు చెప్పే ఐఎన్ఆర్ 1.5కి 1, పొట్టలో కొద్దిగా నీరుంది కాబట్టి 2, మగత లేదు కాబట్టి 1. మొత్తం 8. 5, 6 వస్తే 'ఎ' తరగతి, 7 నుంచి 9 'బి', 10 నుంచి 'సి'. నాన్న 'బి'లో ఉన్నారు. భయపడాల్సినంత కాదు, నిశ్చింతగా ఉండాల్సినంతా కాదు. ఈ అంకె కిందికీ దిగుతుంది. తాగుడు పూర్తిగా మానేసి, కొన్ని నెలలకి తరగతే మారినవాళ్లని చూశాను. పెళ్లిళ్లలో "ఒక్క పెగ్గే కదా" అనే బాబాయిలకి నువ్వే అడ్డం పడాలి, నాన్న మొహమాటం నీకు తెలుసు.

కార్వెడిలాల్ మాత్ర చిన్నదని తేలిగ్గా తీసుకోకు. లోపలి వత్తిడి తగ్గించేది అదే, నా లెక్కలో బ్యాండుకి ఏమాత్రం తీసిపోదు. పై బీపీ 90 కన్నా తగ్గితే మాత్రం డాక్టరుకి వెంటనే చెప్పు. మోకాళ్ల నొప్పులకి డైక్లోఫినాక్, ఐబూప్రొఫెన్ దగ్గరికి రానివ్వకు. సిరలు పూర్తిగా పోయేదాకా 2 నుంచి 4 వారాలకోసారి మళ్లీ బ్యాండింగు ఉంటుంది. "బానే ఉన్నాగా" అని ఆయన ఎగ్గొడతారు, వినకు.

ఈసారి వెళ్లినప్పుడు ఎండోస్కోపీ ఫొటోలతో పాటు క్రియాటినిన్, సోడియం రక్తపరీక్షలు కూడా చేయించి పంపు. కాలేయ మార్పిడి డాక్టరుని ఒకసారి కలవాలా అని కూడా అడుగు. అమ్మకి నేను ఆదివారం చెప్తాలే.

నీ అక్క