చార్ల్‌స్టన్‌లో మాకు దారి చూపించిన పెద్దావిడకు, ఇంకా అందరికీ కృతజ్ఞతలు

అట్టపెట్టెలు సగం కూడా విప్పలేదు, ఒళ్ళు హూనమైపోయింది. అయినా ఇది ఇవాళే రాసేస్తున్నాను, రేపు మళ్ళీ పనుల్లో పడితే కుదరదు. డాలస్ నుంచి వచ్చిన మాకు మొత్తానికి అమెరికా సౌత్ కరోలినాలోని చార్ల్‌స్టన్‌లో అద్దెకు ఇల్లు దొరికింది. పాప స్కూలుకి వెళ్తోంది.

మా ఆయన, అన్నయ్య, రోజూ ఫోన్లో ధైర్యం చెప్పిన అమ్మానాన్న... వీళ్ళకి థాంక్స్ చెబితే నవ్వుతారు, వదిలేద్దాం.

చెప్పాల్సింది ఒక పెద్దావిడ గురించి. పేరు రాయొద్దంది. చార్ల్‌స్టన్‌లోనే వెస్ట్ ఆష్లీ అనే ప్రాంతంలో ఒక లాండ్రీలో బట్టలు ఆరేలోపు అద్దె కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. పక్కన దుప్పట్లు మడతపెడుతున్న ఆవిడ నా మొహం చూసి, ఎక్కడెక్కడ చూస్తున్నావని అడిగింది. గడగడా చెప్పేశాను. మౌంట్ ప్లెజంట్‌లో స్కూళ్ళు బాగుంటాయట, అద్దె మా వల్ల కాదు. సమ్మర్‌విల్‌లో అదే డబ్బుకి పెద్ద ఇల్లు వస్తుంది, కానీ మా ఆయన ఆఫీసు నార్త్ చార్ల్‌స్టన్‌లో, పొద్దున్నే ఐ-26 హైవే మీద ఇరుక్కుంటే ఇక అంతే. డేనియల్ ఐలాండ్ చార్ల్‌స్టన్ నగరంలోదే, కౌంటీ (జిల్లా లాంటిది) మాత్రం బర్క్‌లీ, స్కూళ్ళూ ఆ కౌంటీవే. నాకు తల తిరిగిపోయింది. ఆవిడ అంతా విని ఒకటే మాటంది: "ఎండలో ఇల్లు చూడకు. సముద్రం పోటు మీదున్నప్పుడు వాన పడితే, అప్పుడు చూడు."

ఆవిడ స్కూలు బస్సు నడిపి రిటైరైంది, తెలియని వీధి లేదు. అమావాస్య పోటు రోజు తన పాత కారులో నన్ను ఎక్కించుకుని తిప్పింది. పాత నగరం ఆష్లీ, కూపర్ నదుల మధ్య ఉంది కదా, పోటూ వానా కలిసొస్తే క్రాస్‌టౌన్ రోడ్డు, ఆసుపత్రుల చుట్టుపక్కల వీధులు మునుగుతాయి. చర్చ్ క్రీక్ వైపు కూడా తీసుకెళ్ళింది. అక్కడ 2015 నుంచి ఏటా మునిగిన కొన్ని ఇళ్ళను చివరికి ప్రభుత్వ డబ్బుతో కొని పడగొట్టారు, ఇప్పుడు గడ్డి. మేం అడ్వాన్సు కట్టబోయిన ఇంటి వీధిలో నీళ్ళు మెట్టు దాకా వచ్చి ఉన్నాయి. ఏం మాట్లాడలేదావిడ, కారు ఆపి చూడనిచ్చింది.

తర్వాత వాళ్ళింటికి తీసుకెళ్ళి, 1989లో హ్యూగో తుఫాను నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో గోడ మీద చూపించింది. మాది గోదావరి లంక ఊరు. 86 వరద గీతను మా నానమ్మ కూడా ఇలాగే వేలు పెట్టి చూపించేది. అక్కడే ఏడ్చేశాను. ఆవిడ కంగారుపడలేదు, రెడ్ రైస్ (టమాటా అన్నం లాంటిది) పెట్టింది. మామూలుగా అందులో సాసేజ్ వేస్తారు, మేం మాంసం తినమని నేనెప్పుడో మాటవరసకి అన్నానని నాకు విడిగా వండింది. పెట్రోలు డబ్బులిస్తే తీసుకోలేదు. పాప మొదటి రోజు బస్సు ఆలస్యమైతే స్టాపు దగ్గరికి వచ్చి, డ్రైవరుకి ఫోన్ చేసి, బస్సు వచ్చేదాకా మాతోనే నిలబడింది. ఆ డ్రైవరుకి పని నేర్పింది ఈవిడేనట!

ఇంత సంగతి ఒక పరాయి మనిషి చెబితేగానీ తెలియకపోవడమేంటి? అద్దె ఆఫీసుల్లో తలకింత అని అప్లికేషన్ ఫీజు కట్టించుకుంటారు, తిరిగివ్వరు. నీళ్ళొస్తాయా అంటే వరద మ్యాపు చూసుకోమంటారు. మ్యాపులో ఏఈ జోన్ అంటే వరద ప్రమాదం ఎక్కువ, ఎక్స్ జోన్ అంటే తక్కువ, సరే. మామూలు ఇంటి ఇన్సూరెన్సులో వరద నష్టం రాదని ఎవరు చెప్పాలి? ప్రభుత్వ వరద ఇన్సూరెన్సు విడిగా కట్టినా సాధారణంగా 30 రోజుల తర్వాతే మొదలవుతుంది. తుఫాను పేరు టీవీలో విన్నాక కట్టి లాభం లేదు. ఇల్లు కొనేవాళ్ళకి ఇంకోటి: సొంతంగా ఉండే ఇంటికి దాని విలువలో 4 శాతం మీద పన్ను లెక్కేస్తారు, లేదంటే 6 శాతం మీద. ఆ 4 శాతానికి మనమే దరఖాస్తు పెట్టుకోవాలి, దానంతటది రాదు.

మేం చివరికి వెస్ట్ ఆష్లీలోనే, కాస్త మెరక మీద, ఎక్స్ జోన్‌లో దిగాం. ఆవిడ వచ్చి కాలవ ఎటు పారుతుందో చూసి తలూపాకే సంతకం పెట్టాం.

అయ్యో, మర్చిపోయాను: లైబ్రరీలో స్కూలు కాగితాలన్నీ ప్రింటు తీసిపెట్టిన అమ్మాయి. పరుపు పై అంతస్తుకి మోసిన ఎదురింటి కుర్రాళ్ళు. గూస్ క్రీక్ నుంచి కుక్కరూ ఆవకాయా పంపిన తెలుగు అక్క (అక్కా, కుక్కర్ ఈ ఆదివారం తెచ్చిచ్చేస్తాను, ఆవకాయ సీసా మాత్రం ఇంకా ఖాళీ కాలేదు). ఇంకా డాలస్‌లో మా సామాను లారీకెక్కించిన మా ఆయన ఫ్రెండ్స్, మీరే ముందుండాల్సింది, ఏమీ అనుకోకండి.