ఖాళీ గడిని ఖాళీగానే చూడండి: ఆరోగ్య శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రిగారికి నమస్కారం.

నేను వార్డు ఇన్‌చార్జి నర్సును. నెలనెలా డ్యూటీ చార్ట్ వేసేది నేనే. ఆ పని కంప్యూటర్‌కు అప్పజెప్పొచ్చు కదా అని చాలామంది అడుగుతుంటారు. అప్పజెప్పాలనే నా కోరిక కూడా. 30 మంది నర్సులు, 28 రోజులు, ఒక్కొక్కరికి రోజూ ఉదయం, సాయంత్రం, నైట్, ఆఫ్‌లలో ఏదో ఒకటి. ఇలా ఎన్ని చార్ట్‌లు వేయొచ్చో లెక్కగడితే ఆ సంఖ్యకు 506 అంకెలుంటాయి. అందులోంచి పనికొచ్చేది వెతకడం నా పెన్సిల్‌ వల్ల అయ్యే పని కాదు.

కానీ కంప్యూటర్‌కు ముందే చెప్పాల్సింది ఒకటుంది. ఏ నియమం ఎట్టి పరిస్థితిలోనూ తప్పకూడదు? ఏది తప్పినా సర్దుకోవచ్చు? ఆ వరస మాకెవరూ రాసివ్వలేదు. ఐసీయూలో ప్రతి నైట్‌కూ అనుభవమున్న మనిషి ఉండాలి. బాలింతకు నైట్ వేయలేను. ఆ నైట్ వేసేది ఇంకొకరికే, ఆమె ఇంట్లోనూ మంచం పట్టిన తల్లి ఉంటుంది. ఈలోగా ఒకరు జ్వరమని ఫోన్ చేస్తారు. రాత్రి 9కి డ్యూటీ దిగిన అమ్మాయినే ఉదయం 7కి రమ్మంటాను. రెండు డ్యూటీల మధ్య నర్సుకు కనీసం 12 గంటల విరామం ఉండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1977లోనే సిఫారసు చేసింది. అది తెలిసే ఆ ఫోన్ చేస్తున్నాను.

అసలు చిక్కు మనుషుల లెక్కలో ఉంది. ఒక్క నర్సు స్థానం రాత్రింబవళ్లు నిండాలంటే వారానికి 168 గంటలు. మనిషికి 48 గంటలనుకుంటే మూడున్నర మంది కావాలి. సెలవులు, జబ్బులు, ప్రసూతి, శిక్షణ కూడా కలిపితే నలుగురికి తగ్గితే కుదరదు. ముగ్గురినిచ్చి చార్ట్ వేయమంటే కంప్యూటర్ 'సాధ్యం కాదు' అనేస్తుంది. మేం అనలేం. ఎవరి ఆఫో కోసి, ఎవరి నిద్రో తగ్గించి గడి నింపేస్తాం. అలా నిండిన చార్ట్‌లే మీ దాకా వస్తాయి, అందులో కొరత కనిపించదు.

సాఫ్ట్‌వేర్ ఇప్పించండి. దాంతోపాటు తప్పకూడని నియమాల వరసను మీ సంతకంతో ఇప్పించండి. చార్ట్ రెండు వారాల ముందే చేతికందాలి. ఎవరు ఎన్ని నైట్లు చేశారన్న లెక్క నెలాఖరుతో చెరిగిపోకుండా వచ్చే నెలకూ కొనసాగాలి. నియమం తప్పితే గానీ నిండని గడి ఏదైనా ఉంటే, దాన్ని ఖాళీగానే పైకి పంపే అధికారం ఇన్‌చార్జికి ఉండాలి.

వచ్చే నెల చార్ట్ నా ముందే ఉంది. 17వ తేదీ నైట్ ఇంకా నిండలేదు.

ఇట్లు,
ఒక వార్డు ఇన్‌చార్జి నర్సు